ఏడాదిన్నర గుర్రం పిల్లకు ఉన్నట్టుండి విరేచనాలు, కారణం ఏమై ఉంటుంది?

హగరి గట్టు (కణేకల్, అనంతపురం జిల్లా), ఉదయం 6:40

అందరికీ నమస్కారం. మా ఇంట్లోనే పుట్టిన ఆడ గుర్రం పిల్ల, పేరు చుక్క. ఏడాదిన్నర వయసు. తల్లి పెళ్లి ఊరేగింపులకు వెళ్తుంది, పిల్ల ఇంటి దగ్గరే ఉంటుంది. మొన్న సాయంత్రం దాకా గంతులు వేసింది. నిన్న తెల్లవారుజామున లాయంలోకి వెళ్తే లద్దె ఉండ కట్టలేదు, ఆవు పేడలా పడి ఉంది. మధ్యాహ్నానికి ఒట్టి నీళ్లే. తోక, వెనక కాళ్లు పచ్చగా తడిసి అట్ట కట్టాయి. రాత్రి ఒకసారి పడుకుని పొర్లింది, లేచాక తల తిప్పి డొక్క వైపు చూసుకుంది. నీళ్లు తాగుతోంది. మేత మాత్రం వాసన చూసి వదిలేస్తోంది.

మా వైపు ఆవులు, గొర్రెలు చూసేవాళ్లు ఉన్నారు గానీ గుర్రం అనగానే వెనకాడుతున్నారు. పశువుల మందుల దుకాణంలో విరేచనాలు కట్టే పొడి ఇచ్చారు, ఇంకా వేయలేదు. పక్కింటి పెద్దాయన మనుషులు వేసుకునే మాత్రలు నలిపి బెల్లంలో పెట్టమంటున్నాడు. పెట్టవచ్చా? అసలు ఇలా ఎందుకు అవుతుంది?

కొండారెడ్డి బురుజు (కర్నూలు), 6:58

పొడి పక్కన పెట్టండి. మాత్రలు అసలే వద్దు. ముందు 1962కు ఫోను చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. గుర్రం అని ముందే చెప్పండి, లేకపోతే ఆవుకు కావలసిన సరంజామాతో దిగుతారు.

ఈలోగా నాలుగు విషయాలు చెప్పండి. ఈ వారంలో మేత మార్చారా? నట్టల మందు ఎప్పుడు వేశారు? ఈమధ్య ఏ జబ్బుకైనా సూదులు, మందులు వాడారా? లారీ ఎక్కించి ఎక్కడికైనా తీసుకెళ్లారా? నా దగ్గర పెళ్లిళ్లకు తిరిగే గుర్రాలు ఉన్నాయి. వాటిలో దేనికి కడుపు చెడినా వెనక్కి వెళ్లి వెతికితే ఈ నాలుగింటిలో ఏదో ఒకటి దొరుకుతుంది.

జట్కా మనవడు (ఆదోని), 7:15

నాయనా, కంగారు పడవద్దు. మా తాత ఆదోని స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. గుర్రానికి పారుడు పట్టుకుంటే వాము, అల్లం, ఇంగువ కలిపి నూరి, పలచని మజ్జిగలో కలిపి, వెదురు గొట్టంతో గొంతులో పోసేవాడు. సాయంత్రానికి బండి కట్టేవాడు. ఇప్పటివాళ్లు ప్రతిదానికీ డాక్టరు అంటారు. ఒక పూట కడుపు మాడ్చి ఈ మందు పోసి చూడు.

పశువైద్యురాలు (కడప), 7:42

జట్కా మనవడు గారూ, మీ తాతగారి వాముతో, ఇంగువతో నాకు పేచీ లేదు. వెదురు గొట్టాన్ని మాత్రం దయచేసి అటకమీదే ఉంచండి. గుర్రం తల పైకెత్తి బలవంతంగా ద్రవం పోస్తే అది శ్వాసనాళంలోకి దిగుతుంది. విరేచనాలు తగ్గేలోపు ఊపిరితిత్తులకు నెమ్ము చేస్తుంది. గుర్రం కడుపులోకి మందు పంపాలంటే ముక్కు గుండా మెత్తని గొట్టం వేయాలి. అది చేతనైనవాళ్లే వేయాలి.

హగరి గట్టు గారూ, వాహనం వచ్చేలోపు ఇవి చూసి రాయండి. జ్వరం: థర్మామీటర్‌ను ఆసనంలో పెట్టి చూడాలి, 37.5 నుంచి 38.5 సెల్సియస్ మామూలు. నాడి: కింది దవడ ఎముక లోపలి అంచున వేళ్లు ఆనిస్తే తాడులా ఒక రక్తనాళం తగులుతుంది, నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టండి. పెద్ద గుర్రానికి 28 నుంచి 44 ఉంటుంది, మీ పిల్లకు కాస్త ఎక్కువ ఉండవచ్చు. అది నిలబడి ఊరుకున్నప్పుడు కూడా 60 దాటి దిగకపోతే ఆలస్యం చేయవద్దు. చిగుళ్లు: గులాబీ రంగులో తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. ఇటుక రంగులోకో, ఊదా రంగులోకో మారితే ఒంట్లోకి విషం ఎక్కుతోందని అర్థం. డొక్కకు రెండు వైపులా చెవి ఆనించి వినండి. గడగడలాడుతుంటే పరవాలేదు, ఏ శబ్దమూ లేకపోవడమే ప్రమాదం. నాలుగు గిట్టల మీదా చేయి వేసి వేడిగా ఉన్నాయేమో చూడండి. పేగు బాగా దెబ్బతిన్న గుర్రానికి తర్వాత గిట్టలు వాచి జీవితమంతా కుంటే ప్రమాదం ఉంది.

మాత్రలు ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. గుర్రం నెమరు వేయదు. దాని పొట్ట ఒళ్లుతో పోలిస్తే చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లు పడుతుంది. గడ్డి అరిగే పని వెనక, సంచిలా ఉండే అంధనాళంలోనూ దాని తర్వాతి పెద్దపేగులోనూ జరుగుతుంది. అక్కడి సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి. ఏ మేతకు అలవాటు పడితే ఆ మేతకు తగిన జీవులే అక్కడ పెరుగుతాయి. మేత ఒక్కరోజులో మారితే కొన్ని చస్తాయి, కొన్ని అదుపు తప్పి పెరుగుతాయి, పేగు గోడ నీళ్లు పీల్చుకోవడం మానేస్తుంది. పెద్దపేగు చేసే పనిలో సగం నీళ్లను వెనక్కి లాగడమే కాబట్టి అది ఆగితే బకెట్లకొద్దీ బయటికి పోతుంది. పైగా గుర్రానికి వాంతి రాదు. లోపల పడినదానికి కిందికే దారి. పేగు కదలికను ఆపే మాత్రలు వేస్తే ఆ దారి మూసుకుంటుంది, విషం లోపలే నిలుస్తుంది, పొట్ట ఉబ్బుతుంది.

రెండు బకెట్లు పెట్టండి. ఒకదాంట్లో మామూలు నీళ్లు. రెండోదాంట్లో 10 లీటర్లకు 50 గ్రాముల ఉప్పు కలపండి. ఏది కావాలో అదే తాగుతుంది. దాణా అంతా ఆపేయండి, పాత ఎండుగడ్డి ఉంటే కొద్దిగా అందుబాటులో ఉంచండి.

మందుల కొట్టు (ప్రొద్దుటూరు), 8:05

నేను మనుషుల మందులు అమ్మేవాడిని. కౌంటరు ముందు నిలబడి ‘మా గుర్రానికి’ అని అడిగేవాళ్లు ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా తగులుతారు. అందులో ఒకరు లింకోమైసిన్ అడిగారు, గొర్రెకు పనిచేసిందట. ఇవ్వలేదు. ఆ మందూ, దాని తోబుట్టువు క్లిండామైసిన్ గుర్రం పేగును ప్రాణం పోయేంతగా చెడగొడతాయి. సుఖంగా ఉన్న గుర్రానికి అవి వేసి విరేచనాలు తెప్పించడం చాలా సులువు. అందుకే బురుజు గారు ‘ఈమధ్య ఏ మందులు వాడారు’ అని అడిగింది. గిట్ట నొప్పికో, దగ్గుకో ఇచ్చిన మందు తర్వాతి వారంలో కడుపులో బయటపడుతుంది.

హగరి గట్టు, 8:31

డాక్టరు గారూ, చూశాను. జ్వరం 38.4. నాడి 56. చిగుళ్లు గులాబీ రంగే గానీ వేలికి జిగటగా తగిలాయి. మెడ మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటోంది. పొట్టలో ఒకటే గడగడ. గిట్టలు చల్లగానే ఉన్నాయి. ఉప్పునీళ్ల బకెట్‌లోనే మూతి పెట్టింది, ఆశ్చర్యం వేసింది. 1962కు చేశాను, మధ్యాహ్నంలోపు వస్తామన్నారు.

బురుజు అన్నా, మీ ప్రశ్నలకు జవాబులు. సూదులు ఏమీ లేవు. ఎక్కడికీ తీసుకెళ్లలేదు. నట్టల మందు ఉగాది తర్వాత వేశాం. మేత మారింది: పాత జొన్నచొప్ప అయిపోయింది, ఈ వారమే పీకిన వేరుశనగ కట్టె (కాయలు తీసేశాక మిగిలే తీగ) వేస్తున్నాం. తల్లీ అదే తింటోంది, దానికి ఏమీ కాలేదు. ఇంకొకటి, ఆవు కోసం తెచ్చిన దాణా బస్తా లాయం పక్కనే ఉంది. మా నాన్న అప్పుడప్పుడు చుక్కకు ఒక దోసెడు వేస్తుంటాడు.

పశువైద్యురాలు (కడప), 8:40

ఆ దోసెడు వెంటనే ఆపించండి. బస్తా మీద ఏమి రాసి ఉందో చూడండి, మోనెన్సిన్ అన్న పేరు ఉందా?

కొండారెడ్డి బురుజు, 8:44

దీని గురించి అందరూ చదవాలి. ఆవు దాణాలోనూ, కోళ్ల దాణాలోనూ కొన్నిటిలో మోనెన్సిన్ కలుపుతారు. ఆవుకు మేలు చేస్తుంది, కోడికి రక్తపారుడు రాకుండా చూస్తుంది. గుర్రానికి అదే విషం. కోళ్ల ఫారం దాణా చవకగా దొరుకుతుందని గుర్రానికి వేసేవాళ్లను నేను చూశాను, తిట్టి ఆపించాను కూడా.

పశువైద్యురాలు (కడప), 8:52

నిజమే. గుర్రం బరువులో కిలోకు 2, 3 మిల్లీగ్రాములు లోపలికి పోయినా ప్రాణం మీదికి రావచ్చు. మొదట మేత మానేస్తుంది, కడుపునొప్పి, పలచటి లద్దె, చెమటలు. తర్వాత వెనక కాళ్లు తూలతాయి, మూత్రం ముదురు రంగులోకి మారుతుంది, గుండె దెబ్బతింటుంది. చుక్కకు చెమటలు, తూలడం లేవు కాబట్టి ఇది కాకపోవచ్చు. అయినా వచ్చే డాక్టరుకు ఈ మాట తప్పక చెప్పండి.

హగరి గట్టు, 9:03

బస్తా మీద మాంసకృత్తుల శాతం, కొవ్వు శాతం, బరువు ఉన్నాయి. మోనెన్సిన్ పేరు లేదు. బస్తాను ఇంటి అవతల కొట్టంలోకి మార్చేశాం. మూత్రం మామూలు రంగే. నాన్న మౌనంగా వెళ్లి గడ్డి కోస్తున్నాడు.

నల్లరేగడి (నంద్యాల వైపు), 9:20

అందరూ దాణా వెంట పడ్డారు. నన్ను అడిగితే దోషం వేరుశనగ కట్టెదే. ఈ ఏడాది కోతల వేళ వానలు పడ్డాయా లేదా? తడిసిన కట్టెను ఆరకముందే వామి వేస్తే లోపల ఉడికిపోతుంది. పైన బంగారంలా కనిపిస్తుంది, చేయి దూర్చి లాగితే బూడిదరంగు బూజు, ముక్కుపుటాలు అదిరే వాసన. ఆవు అయితే ఎలాగో నెట్టుకొస్తుంది. గుర్రం తట్టుకోదు. కట్టెలో మిగిలిపోయిన పుచ్చు కాయలు ఇంకా ప్రమాదం, వాటి బూజు కాలేయానికి చేటు.

రెండోది ఆముదం. మా వైపు కంది చేలల్లో, గట్ల మీద ఆముదం చెట్లు వేస్తారు. మీ వైపూ వేరుశనగలో సాళ్లు వేస్తారు కదా? కట్టె పీకేటప్పుడు గట్టు మీది ఆముదపు కాయలు అందులో కలిసిపోతే? గింజ నమిలితే గుర్రం బతకడం కష్టం.

పశువైద్యురాలు (కడప), 9:34

నల్లరేగడి గారు చెప్పిన రెండూ వెతకవలసినవే. ఆముదపు గింజల విషానికి మిగతా పశువుల కంటే గుర్రం చాలా త్వరగా లొంగుతుంది. తిన్న కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల లోపు నీళ్ల విరేచనాలు, విపరీతమైన కడుపునొప్పి, చెమట, చల్లబడిన చెవులు కనిపిస్తాయి. ఎరువుగా వాడే ఆముదపు పిండి బస్తాలు గుర్రానికి అందే చోట ఉంచినా ఇంతే. గన్నేరు కొమ్మలు కూడా చూసుకోండి. ఊరేగింపులో పూలతో అలంకరించి, అవి అక్కడే వదిలేసిపోతారు.

హగరి గట్టు, 10:10

వామిలో మోచేతి దాకా చేయి పెట్టి చూశాను. పొడిగానే ఉంది, బూజు వాసన లేదు. ఆముదపు కాయలు కనిపించలేదు, మా చేనులో ఈసారి ఆముదం వేయలేదు. గన్నేరు ఇంటి ముందు ఉంది గానీ చుక్కకు అందదు. ఇప్పటికి మళ్లీ రెండుసార్లు పోయింది, నీళ్లే. కానీ పొర్లడం లేదు, చెవులు కదిలిస్తోంది, నేను పిలిస్తే చూస్తోంది.

పెనుకొండ కోట, 10:22

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా దగ్గర గుర్రం ఈని పది రోజులైంది. పిల్లకు పలచటి విరేచనాలు, హుషారుగానే ఉంది, పాలు తాగుతోంది. తల్లి ఎదకు వచ్చింది, ఎద పాలు తాగితే పిల్లకు పారుడు వస్తుందని, పాలు మాన్పించమని ఊళ్లో అంటున్నారు. నిజమేనా?

పశువైద్యురాలు (కడప), 10:37

పాలు మాన్పించకండి! తల్లి ఎదకు రావడం, పిల్లకు విరేచనాలు రావడం ఒకే వారంలో జరుగుతాయి, అంతే. ఈనిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య పిల్ల పేగులో కొత్త సూక్ష్మజీవులు కాపురం పెడతాయి, ఆ మార్పుకే లద్దె పలచబడుతుంది. తల్లి చనిపోయి డబ్బా పాలతో పెరిగే పిల్లలకూ ఆ వయసులో ఇలాగే అవుతుంది. పిల్ల తన తల్లి లద్దె తింటోందని కంగారు పడి తరమకండి, ఆ జీవులను సంపాదించుకునే దారి అదే. తోక కింద గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, కొబ్బరినూనె రాయండి, లేకపోతే చర్మం ఒరిసిపోతుంది.

పిల్ల పాలు మానేసినా, పడుకుని లేవకపోయినా, 39 దాటి జ్వరం వచ్చినా, లద్దెలో రక్తం కనిపించినా అది వేరే కథ. రోటా వైరస్, క్లోస్ట్రిడియం, సాల్మొనెల్లా లాంటి క్రిములు చిన్న పిల్లను ఒక్కరోజులో పడేస్తాయి. తల్లి పొదుగు నిండి పాలు కారుతుంటే పిల్ల తాగడం లేదని అర్థం. మిగతా లక్షణాల కంటే ముందు కనిపించేది అదే.

చుక్క వయసుకు ఎద విరేచనాల ప్రసక్తి లేదు. పాలు మాన్పించిన నాలుగు నుంచి ఏడు నెలల పిల్లల్లో లాసోనియా అనే సూక్ష్మజీవి చేసే జబ్బు ఒకటి ఉంది, దవడ కింద, పొట్ట కింద నీరు దిగుతుంది. చుక్కది ఆ వయసూ దాటింది.

ఇసుక మేటలు (బొమ్మనహాళ్), 10:55

కణేకల్ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మీ లాయం హగరి ఒడ్డున ఇసుక మేటల వైపా, నల్లనేల వైపా? మేత ఎక్కడ వేస్తారు, నేల మీదా, తొట్టిలోనా?

హగరి గట్టు, 11:02

ఇసుక వైపే అన్నా. లాయం వెనక మేటలే. తల్లికి తొట్టి ఉంది. చుక్క తొట్టిలోది లాగి కింద పడేసి ఏరుకుని తింటుంది, దానికి అదే సరదా. అందుకే దానికి నేల మీదే వేస్తాం.

ఇసుక మేటలు (బొమ్మనహాళ్), 11:20

అయితే లద్దెలో ఇసుక చూడండి. మా ఊళ్లన్నీ వేదవతి (హగరికి ఇంకో పేరు) ఇసుక గాలికి లేచి పొలాల మీద పరుచుకున్నవే. గాలి కాలంలో మూత లేని గంజిలో కూడా ఇసుక పడుతుంది. ఇక్కడ నేల మీద మేత తినే గుర్రం గడ్డితోపాటు గుప్పెడు గుప్పెడు ఇసుక మింగుతుంది. పొట్ట దాటి పెద్దపేగు అడుగున పేరుకుంటుంది. బరువెక్కితే కడుపునొప్పి, పేగు మూసుకుపోవడం. అంతకంటే ముందే పేగు లోపలి పొరను ఒరిసి ఒరిసి విరేచనాలు మొదలవుతాయి.

ఇంకో సంగతి. వేరుశనగను వేళ్లతో పీకుతాం. కట్టె ఒక పిడికెడు తీసుకుని తెల్లని గుడ్డ మీద దులిపి చూడండి. గడ్డికి లేని మన్ను దీనికి వేళ్లలోనే వస్తుంది. జొన్నచొప్ప కోసి తెచ్చేది, దానికి ఈ బాధ లేదు. మీరు మేత మార్చారంటే మట్టి కూడా కొత్తగా మేపుతున్నారన్నమాట.

పరీక్ష సులువు. చేతికి వేసుకునే పొడుగు ప్లాస్టిక్ తొడుగు తీసుకోండి, లేదంటే పారదర్శకంగా ఉండే సంచి. నేల తాకని లద్దె రెండు గుప్పిళ్లు వేసి, నీళ్లు పోసి బాగా కలిపి, వేళ్లు కిందికి వచ్చేలా వేలాడదీయండి. కాసేపటికి ఇసుక ఉంటే వేళ్ల కొనల్లోకి దిగుతుంది. బయట వేలితో నలిపితే గరగరలాడుతుంది.

పశువైద్యురాలు (కడప), 11:31

చాలా మంచి ప్రశ్న అడిగారు. తల్లి లద్దె కూడా వేరే తొడుగులో వేసి పక్కపక్కన వేలాడదీయండి. ఒక జాగ్రత్త: ఇసుక దిగకపోతే కడుపులో ఇసుక లేనట్టు కాదు, ఇసుక కదలకుండా లోపలే ఉండవచ్చు. పొట్ట అడుగున, ముందు కాళ్ల వెనక, స్టెతస్కోపు పెట్టి ఓపికగా వింటే ఇసుక ఉన్నప్పుడు జల్లెడ పట్టినట్టు ఒక శబ్దం వస్తుంది.

హగరి గట్టు, మధ్యాహ్నం 12:15

చుక్కది పలచగా ఉంది కాబట్టి తోక పక్కకు పట్టుకుని నేరుగా సంచిలోకి పట్టాను, మా చెల్లెలు ఇంకా నవ్వుతూనే ఉంది. తల్లిది గుండ్రని ఉండలు, తొడుగులో వేశాను. తల్లి తొడుగులో వేళ్ల కొనల్లో సన్నగా ఒక గీత అంత దిగింది. చుక్క సంచిలో అడుగున ఒక మూల మొత్తం బూడిదరంగు ఇసుక. అంత పలచటి లద్దెలోనే అంత ఉంటే లోపల ఎంత ఉందో. తెల్లగుడ్డ మీద కట్టె కూడా దులిపాను. ఇసుక మేటలు అన్న చెప్పినట్టే, వేళ్ల దగ్గర ఎర్రమన్ను గుడ్డ మీద పరుచుకుంది.

నల్లరేగడి, 12:28

ఇసుకే అయి ఉంటుంది, ఒప్పుకుంటాను. అయినా ఉగాది తర్వాత నట్టల మందు లేదు. డాక్టరు వచ్చినప్పుడు ఆ మందూ పట్టించేయండి, పని అయిపోతుంది. ఈ వయసు పిల్లల్లో ఏలికపాములు జానెడుకు మించి పొడవు ఉంటాయి.

పశువైద్యురాలు (కడప), 12:41

ఈ రోజు కాదు, నల్లరేగడి గారూ. పిల్లల్లో ఏలికపాములు గుంపులుగా ఉన్నప్పుడు బలమైన మందు పడితే అన్నీ ఒకేసారి చచ్చి చిన్నపేగులో ఉండలా అడ్డం పడతాయి. ఇసుకతో, విరేచనాలతో నలిగిన పేగు మీద ఆ భారం వేయకూడదు. ముందు లద్దెను ప్రయోగశాలలో చూపించి గుడ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించాలి, ఆ తర్వాతే ఏ మందు, ఎంత అన్నది. ఆవుల కోసం అమ్మే ఐవర్‌మెక్టిన్ సూదిమందును గుర్రానికి గుచ్చవద్దు. గుర్రాలకు నోట్లో పెట్టే లేపనం వేరే ఉంది. సూది వేసిన చోట కండ కుళ్లి ప్రాణం మీదికి వచ్చిన గుర్రాలు ఉన్నాయి.

నొప్పి తగ్గే సూదుల గురించి కూడా ఒక మాట. ఒంట్లో నీరు తగ్గిన పిల్లకు వాటిని పదేపదే వేస్తే పేగులో పుళ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఒకటి వేసి తగ్గలేదని గంటకు ఇంకొకటి వేయించవద్దు.

హగరి గట్టు, సాయంత్రం 5:30

వాహనం ఒంటిగంటకు వచ్చింది. వచ్చిన డాక్టరు చిన్నవయసువాడే. గుర్రాలను పెద్దగా చూడలేదని ముందే చెప్పి, ఫోనులో తన గురువును కలుపుకుని, ఒక్కొక్కటీ అడిగి చేశాడు. నాకు ఆ పద్ధతి నచ్చింది. పొట్ట అడుగున చాలాసేపు విని, నన్నూ వినమన్నాడు. ఆ శబ్దం నిజంగానే ఉంది.

చుక్క బరువు ఛాతీ చుట్టుకొలతను బట్టి సుమారు 190 కిలోలని లెక్కకట్టారు. సిరలోకి సెలైన్ సీసాలు ఎక్కించారు. ముక్కు గుండా గొట్టం వేసి ఇసబ్‌గోల్ పొట్టును, కిలో బరువుకు 1 గ్రాము చొప్పున, నీళ్లలో కలిపి పంపారు. కలిపిన క్షణం నుంచి పరుగే! నీళ్లు తగిలితే క్షణాల్లో జావలా గట్టిపడి గొట్టంలో ఇరుక్కుంటుందట. నేను బకెట్ పట్టుకుని, చెల్లెలు కలుపుతూ, డాక్టరు పంపు కొడుతూ, ముగ్గురం చెమటలు కార్చాం. ఆ బంక ఇసుకను పట్టి కిందికి తోస్తుందని చెప్పారు. మిగతా రోజులకు కూడా ఇవ్వాలి. లద్దె నమూనా తీసుకున్నారు, నట్టల గుడ్లకూ సాల్మొనెల్లాకూ పరీక్ష చేయిస్తారట.

పశువైద్యురాలు (కడప), 5:52

ఆయన చేసినదంతా సరిగ్గా చేశారు. మా దగ్గరికి ఏడాది పొడవునా వచ్చేవి ఆవులు, గేదెలు, గొర్రెలు. గుర్రాల కోసమే పనిచేసే జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఎక్కడో హర్యానాలోని హిసార్‌లో ఉంది. కాబట్టి ఇక్కడి కుర్ర డాక్టరు అడిగి చేశాడంటే మెచ్చుకోవాలి.

సాల్మొనెల్లా ఫలితం వచ్చేదాకా చుక్కను తల్లి నుంచి వేరుగా కట్టండి, దాని బకెట్, పార వేరుగా ఉంచండి. అది మనుషులకూ అంటుతుంది. మీ చెల్లెలినీ, ఇంట్లో చిన్నపిల్లలనూ సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టనీయకండి. ఒక నమూనాలో లేదని వస్తే చాలదు, ఆ క్రిమి రోజూ బయటపడదు, కాబట్టి మళ్లీ మళ్లీ పంపమంటారు, విసుక్కోకుండా పంపండి. జ్వరం ఉదయం, సాయంత్రం రాసిపెట్టండి. గిట్టలు రోజూ తడమండి.

జట్కా మనవడు (ఆదోని), రాత్రి 7:10

గొట్టం సంగతి ఒప్పుకున్నానమ్మా, అటకమీదే ఉంచుతాను. కానీ మా తాత ఒక పని చేసేవాడు, ఇప్పుడు గుర్తుకొచ్చింది. గుర్రం మెడకు గోనె సంచి తగిలించి అందులోనే దాణా, గడ్డి పెట్టేవాడు. స్టేషను ముందు నేల మీద ఎప్పుడూ మేపేవాడు కాదు. రాళ్లు, మేకులు తింటుందని అనేవాడు. ఇసుక మాట ఆయన నోట వినలేదు గానీ ఫలితం ఒకటే కదా.

కొండారెడ్డి బురుజు, 7:25

అదిగో, అసలైన పాత వైద్యం.

ఇసుక మేటలు (బొమ్మనహాళ్), 7:48

సంచి నడిచే గుర్రానికి సరే. లాయంలో అయితే పాత లారీ టైరును నిలువుగా కోసి, అడుగున చెక్క బిగించి, తొట్టిలా చేయండి. తొట్టి చుట్టూ బండపరుపు వేయండి, తాడిపత్రి వైపు నాపరాయి ముక్కలు చవకగా దొరుకుతాయి. చుక్క లాగి కింద పడేసినా రాతి మీద పడుతుంది. రోజూ చీపురుతో ఊడవాలి, లేదంటే బండ మీద కూడా ఇసుక చేరుతుంది. కడుపు నిండా గడ్డి ఉన్న గుర్రం ఇసుక తక్కువ నాకుతుంది. ఖాళీ నేల మీద ఆకలితో వదిలితే వేళ్లు పీకి మరీ తింటుంది.

హగరి గట్టు, మూడో రోజు ఉదయం

అందరికీ చెప్పాలి. నిన్న సాయంత్రం లద్దె పేడలా పడింది, ఈ రోజు ఉండలు కట్టీ కట్టనట్టు ఉంది. సంచి పరీక్షలో ఇసుక మొదటిరోజు కంటే ఎక్కువ దిగింది, డాక్టరు అది మంచిదే అన్నారు. జ్వరం లేదు, నాడి 46. నట్టల గుడ్లు తక్కువే ఉన్నాయట, మందు రెండు వారాల తర్వాత చూద్దామన్నారు. సాల్మొనెల్లా ఇంకా రాలేదు.

మా నాన్న నిన్న బండ తెచ్చాడు. తొట్టి టైరు కోసం ఉరవకొండలో అడిగాం. పక్క ఊరి నుంచి పాత జొన్నచొప్ప రెండు బండ్లు కొన్నాం. వేరుశనగ కట్టెను పూర్తిగా మానేయాలా డాక్టరు గారూ? వామి మొత్తం మిగిలిపోయింది.

పశువైద్యురాలు (కడప)

మానేయనవసరం లేదు, మంచి మేత అది, పప్పుజాతి కాబట్టి మాంసకృత్తులు ఎక్కువ. ఇప్పుడు మాత్రం వద్దు. చుక్క పూర్తిగా కోలుకున్నాక, వేళ్లు కత్తిరించి, దులిపి, చొప్పలో గుప్పెడుతో మొదలుపెట్టండి. పది రోజుల్లో కొద్దికొద్దిగా పెంచండి. అలా మార్చి ఉంటే ఇసుక ఒక్కటే ఇంత గట్టిగా పట్టుకునేది కాదని నా అభిప్రాయం. రెండూ ఒకే వారంలో కలిసి వచ్చాయి. తల్లి పెద్దది, తొట్టిలో తింటుంది, దాని పేగు తట్టుకుంది. తల్లికి కూడా నెలకొకసారి తొడుగు పరీక్ష చేయండి, దాని తొడుగులోనూ గీత ఉంది కదా.

జట్కా మనవడు (ఆదోని)

ఉలవలు ఎప్పుడు మొదలుపెట్టవచ్చు? గుర్రం పిల్ల బలం పుంజుకోవాలంటే ఉలవలే.

పశువైద్యురాలు (కడప)

లద్దె వరసగా వారం పాటు గట్టిగా ఉండలు కడితే మొదలుపెట్టవచ్చు. రాత్రి నానబెట్టి, మెత్తగా ఉడికించి, చల్లార్చి, మొదటి రోజు ఒక గుప్పెడు. పచ్చివి వద్దు. ఉడికించినవి ఆ పూటకు ఆ పూటే పెట్టండి, మిగిలినవి పులిస్తే ఆవుకు వేసేయండి.

హగరి గట్టు

మిగలవు డాక్టరు గారూ, ఉలవల వాసన వస్తే తల్లి కట్టుతాడు తెంపుకుని వస్తుంది. రెండో నమూనా ఈ రోజు పంపించాం, ఫలితం రాగానే ఇక్కడే రాస్తాను.